చాక్లెట్లు తిన్నవాడిని తిట్టే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కూలి, పసిఫిక్ మహాసముద్రంలో రబ్బరు తెప్ప మీద 47 రోజులు బతికిన అమెరికా సైనికుడు లూయీ జాంపెరినీ జీవితం మీద 2014లో 'అన్‌బ్రోకెన్' అనే సినిమా వచ్చింది. మన దగ్గర కుర్రకారు దాన్ని ఇప్పటికీ ఫోన్లలో చూస్తున్నారు, చర్చించుకుంటున్నారు. సంతోషమే. కానీ చూసినవాళ్లు అంటున్న మాటలు వింటే ఈ లేఖ రాయక తప్పదనిపించింది. "అంతా ఉత్తదే, సముద్రం నడుమ నీళ్లు లేకుండ అన్ని దినాలు ఎట్ల బతుకుతడు?" అని కొందరంటున్నారు. "దమ్ముంటే చావు కూడ దగ్గరికి రాదు" అని ఇంకొందరు పొంగిపోతున్నారు. మొదటి మాట తప్పు. రెండోది తప్పే కాదు, ప్రమాదం కూడా.

1943 మే 27న కూలిన ఆ బీ-24 బాంబర్‌లో 11 మంది ఉన్నారు. ప్రాణాలతో తెప్పెక్కింది ముగ్గురే: లూయీ, పైలట్ రసెల్ ఫిలిప్స్, విమానం తోక దగ్గర తుపాకీ చూసుకునే ఫ్రాన్సిస్ మెక్‌నమారా. వాళ్లకు దక్కింది కొన్ని చాక్లెట్లు, కొన్ని నీళ్ల డబ్బాలు. ఒక్కో డబ్బాలో పావు లీటరు కూడా పట్టదు. కదలకుండా నీడలో పడుకున్న మనిషికే రోజుకు కనీసం అర లీటరు కావాలి. తెప్ప మీద నీడ ఎక్కడిది? డబ్బాలు ఖాళీ అయ్యాక మిగిలింది వాన ఒక్కటే.

ఆ వాన పట్టడంలోనే అసలు సంగతంతా ఉంది. గాలిపంపు కాన్వాస్ సంచిని చింపి గిన్నెలా పట్టుకున్నారు. నీళ్లు చేరేలోపే అల వచ్చి అందులో ఉప్పునీళ్లు కొట్టేది, పట్టినదంతా పాడయ్యేది. అప్పుడు లూయీ పద్ధతి మార్చాడు. గిన్నె నిండేదాకా ఆగకుండా, పడ్డ చుక్కను పడ్డట్టే నోటితో పీల్చి డబ్బాలో ఉమ్మడం మొదలుపెట్టాడు. గుక్కెడు పీల్చడం, ఉమ్మడం, మళ్లీ పీల్చడం. ముగ్గురి ప్రాణం నిలబెట్టింది ఆ పని. నీళ్లు లేకుండా బతకలేదు వాళ్లు, నీళ్లు సంపాదించుకుని బతికారు.

చుట్టూ అన్ని నీళ్లుంటే ఒక గుక్క తాగితే ఏమవుతుందని అడిగే పిల్లలకు లెక్క చెప్పాలి. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు లీటరు మూత్రంలో సుమారు 20 గ్రాములకు మించి ఉప్పును బయటికి పంపలేవు. అంటే తాగిన లీటరులోని ఉప్పును వదిలించుకోవడానికి లీటరున్నరకు పైగా నీళ్లు ఒంట్లోంచే పోవాలి. తాగినకొద్దీ ఒళ్లు ఎండుతుంది.

ఇదే పొరపాటు చిన్నగా మన ఇళ్లల్లో జరుగుతోంది. లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్‌ను ఒకే గ్లాసులో గుమ్మరించి, విరేచనాలవుతున్న పసిపిల్లలకు పడుతున్నారు. 20.5 గ్రాముల ఆ ప్యాకెట్‌లో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది లీటరుకు సరిపోయే కొలత. 200 మిల్లీలీటర్ల గ్లాసులో వేస్తే ఐదింతల చిక్కన. పిల్లవాడికి దూప ఇంకా పెరుగుతుంది, రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతున్నారు కాబట్టి ఎంత నీటిలో కలపాలో ప్యాకెట్ మీద చదివే కలపాలి.

ఇక దమ్ము సంగతి. రామగుండంలో మే నెల ఎండకు పని చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. అక్కడ "దూప ఓర్చుకోవాలె" అనుకుని సీసాలో నీళ్లు దాచుకోవడం పట్టుదల కాదు. ఒంట్లో లేని నీళ్లు సీసాలో ఉండి లాభం లేదు. పొదుపు చేయాల్సింది చెమటను: నీడకు జరగడం, తలకు తడిగుడ్డ చుట్టడం, బరువు పని పొద్దున్నే ముగించడం. మాట తడబడి, ఒళ్లు కాలిపోతున్న మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

వరదలోనూ అంతే. 2023 జులై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి నిలబడ్డారు. వరద నీళ్లు తాగడానికి పనికిరావు. వడ్లు ఆరబోసే టార్పాలిన్ నాలుగు కొసలు పట్టుకుంటే వాననీళ్లు దొరుకుతాయి, కానీ మొదట పడ్డ నీళ్లతో దాన్ని కడిగి పారబోయాలి. దాని మీద దుమ్ము, పురుగుమందు ఉండొచ్చు.

మళ్లీ సినిమా సంగతికొస్తే, జపాన్ విమానం తెప్పల మీద కాల్పులు జరిపినప్పుడు ఒక్కరికీ తూటా తగలలేదంటే నవ్వుతున్నారు. నిజంగానే తగల్లేదు. తగిలింది వాళ్ల దగ్గరున్న రెండు తెప్పలకు. ఒకటి పనికిరాకుండా పోయింది. రెండోదానికి చిల్లులు పడ్డచోట కాన్వాస్‌ను అడ్డదిడ్డంగా కోసి, లోపలి రబ్బరు బయటపెట్టి, జిగురు పూసి ప్యాచ్ అంటించారు. పంచర్ షాపులో ట్యూబ్ తుడిచి ఆరబెట్టి చేసే పనిని అలల మీద, ఒకరు పంపు కొడుతుంటే ఇంకొకరు, చుట్టూ సొరచేపలు తిరుగుతుండగా చేశారు.

ఇప్పుడు మెక్‌నమారా. మొదటి రాత్రి మిగతా ఇద్దరూ నిద్రపోగానే చాక్లెట్లన్నీ తినేశాడు, నిజమే. పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క అని లూయీ వేసిన లెక్క చెడింది. అందుకని ఆయన పేరెత్తితే చాలు బూతులు తిడుతున్నారు. ఆ కాసిన్ని చాక్లెట్లు ముగ్గురికి 47 రోజులు ఎలాగూ వచ్చేవి కావు. కళ్లముందు ఎనిమిది మంది పోయిన మనిషి ఆ రాత్రి భయానికి చేసిన పని అది. అదే మనిషి తర్వాత, తెప్పలోకి దూకి లూయీని పట్టబోయిన సొరచేపను తెడ్డుతో కొట్టి తోలేశాడు. 33వ రోజున చనిపోయాడు. ఆయన్ని తిట్టేవాళ్లలో ఈ తెడ్డు మాట ఎత్తినవాళ్లు మాకు ఒక్కరూ కనిపించలేదు.

కాబట్టి మా విన్నపం రెండు ముక్కల్లో. నిజ ఘటనల మీద తీసిన సినిమాలను డబ్బింగ్ చేసేటప్పుడు చివర్లో వచ్చే అక్షరాలను చాలాసార్లు ఇంగ్లీషులోనే వదిలేస్తున్నారు. ఆ మనుషులకు తర్వాత ఏమైందో ఉండేది అక్కడే, వాటిని తెలుగులో వేయాలి. మీ సినిమా పేజీలో ఇలాంటి సినిమాల సమీక్ష పక్కన ఏది జరిగింది, ఏది కల్పించారు అని పది వరుసలు ఇవ్వండి. ఈ సినిమా గురించి మళ్లీ రాస్తే ఆ తెడ్డు దెబ్బకూ ఒక వరుస కేటాయించండి.

ఇట్లు,
ప్రథమ చికిత్స నేర్పే కొందరు పాఠకులు,
హనుమకొండ