స్పాండిలైటిస్ అంటే మెడనొప్పి కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో స్పాండిలైటిస్ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అదే రోజు రాయాల్సింది, పరీక్ష పేపర్లు దిద్దే పనిలో కుదరలేదు. ఈలోగా ఆ పేపర్ కటింగ్‌ను మా బడిలో ఇద్దరు నాకు తెచ్చి ఇచ్చారు. మా పెద్దనాన్న కొడుకు వాట్సాప్‌లో పెట్టి, "తమ్ముడూ, నీ జబ్బు గురించే రాశారు, రెస్ట్ తీసుకోమంటున్నారు, ముందు సెలవు పెట్టు" అన్నాడు. ఇక ఊరుకోలేకపోయాను.

అందులో రాసింది నా జబ్బు గురించి కాదు. వయసు పైబడ్డాక మెడలో పూసలు, డిస్కులు అరిగి వచ్చే నొప్పి స్పాండిలోసిస్. మన ఊళ్లలో దాన్నే అందరూ స్పాండిలైటిస్ అంటారు, మీరూ అలాగే రాశారు. నాకున్నది ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఇది అరుగుదల కాదు, వాపు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే వెన్నెముక అడుగున, కటి ఎముకతో కలిసే కీళ్ల దగ్గర వాపు పుట్టిస్తుంది. అది మెల్లగా పైకి పాకుతుంది. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ కొత్త ఎముక పెరిగి పూసకు పూస అతుక్కుపోతుంది. ఎక్స్‌రేలో వెదురు బొంగులా కనబడుతుంది కాబట్టి డాక్టర్లు బాంబూ స్పైన్ అంటారు. ఎక్కువమందికి ఇరవైల్లోనే మొదలవుతుంది, 45 దాటాక కొత్తగా రావడం అరుదు. మీ వ్యాసమేమో "యాభై దాటినవారు జాగ్రత్త" అంటూ మొదలైంది. అది చదివిన కుర్రాడు తన నొప్పి ఇది కాదులే అనుకోడా?

నాకు బీఈడీ చదివే రోజుల్లో, 23వ ఏట మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి నడుము నొప్పితో మెలకువ వచ్చేది. లేచి వసారాలో పచార్లు చేస్తే తగ్గేది, పడుకుంటే మళ్లీ పెరిగేది. పొద్దున గంటకు పైగా నడుము పట్టేసి, వంగి చెప్పులు వేసుకోవడం కూడా కష్టమయ్యేది. ఆరేళ్లు తిరిగాను. డిస్కు జరిగిందన్నారు, క్యాల్షియం తక్కువన్నారు, బెల్టు కట్టారు, నేల మీద పడుకోమన్నారు. పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా అని ఒక్కరైనా అడగలేదు. చివరికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టర్ దగ్గరకు వెళ్తే, ఆమె కన్ను చూసి, "నడుము నొప్పి ఉందా?" అని అడిగారు. కంట్లో వచ్చే ఆ వాపుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. ఆవిడ కీళ్లవాతం జబ్బులు చూసే రుమటాలజిస్ట్ దగ్గరకు పంపితే ఎమ్మారైలో, హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యువు ఉందో లేదో చూసే రక్తపరీక్షలో విషయం బయటపడింది. ఆ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఆ జన్యువు ఉన్నవారిలో చాలామందికి ఏమీ రాదు. ఇదీ మీ వ్యాసంలో లేదు.

మీరు రాసిన విశ్రాంతి సలహా మాకు హాని చేస్తుంది. కదలకపోతే ఇంకా బిగుసుకుపోతాం. రోజూ వ్యాయామం చేయాలి, వీలైతే ఈత కొట్టాలి, సిగరెట్ మానాలి. మందులు ఆ తర్వాత కాదు, వాటితోపాటే.

ఇంకో సంగతి. ఈ జబ్బు ముదురుతోందో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ పెద్ద యంత్రాలు అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. మా డాక్టర్ ఆరునెలలకోసారి మడమలు, వీపు గోడకు ఆనించి నిలబెట్టి చెవి ముందు నుంచి గోడ దాకా కొలుస్తారు. మూడేళ్ల కిందట 14 సెంటీమీటర్లు ఉండేది, ఇప్పుడు 17, అంటే మెడ ముందుకు వంగుతోందన్నమాట. నడుము మీద 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, ముందుకు వంగినప్పుడు ఎంత సాగుతుందో చూస్తారు. గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీ ఎంత విప్పారుతుందో, మెడ ఎంత తిరుగుతుందో చూస్తారు. అలసట, నొప్పి, పొద్దుటి బిగువు మీద ఆరు ప్రశ్నలు అడిగి పదికి మార్కులు వేస్తారు. నాలుగు, ఆ పైన వస్తే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. 1994లో ఇంగ్లండ్‌లోని బాత్ నగరం డాక్టర్లు తయారుచేసిన ప్రశ్నలివి. ఒంట్లో వాపు ఉందేమో చూపే సీఆర్పీ రక్తపరీక్ష కూడా చేయిస్తారు, కానీ కొందరికి జబ్బు చురుగ్గా ఉన్నా అది మామూలుగానే వస్తుంది. అందుకే కొలతలు ముఖ్యం. నా నోటుబుక్కులో అన్నీ రాసుకుంటాను. బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పాల్సి రావడం ఏ నెలలో మొదలైందో కూడా అందులో ఉంది.

ఈ కొలతలకు నేను హైదరాబాద్ దాకా పోవాలి. ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో టేపుతో కొలవమని అడిగితే నొప్పి మాత్రలు రాసి పంపారు. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వెళ్తే పదకొండు గంటలకు పిలిచారు. అప్పటికి నా నడుము కాస్త వదులవుతుంది. "బాగానే నడుస్తున్నావు కదా" అని ఒక్క మాటతో పంపేశారు. పొద్దున ఆరింటికి చూస్తే ఆ మాట అనేవారా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు. పార్కిన్సన్స్, హీమోఫిలియా ఉన్నాయి, అది న్యాయమే. మా జబ్బు పేరు లేదు. కదలికల వైకల్యం కింద 40 శాతం ఉందని మేమే నిరూపించుకోవాలి. రక్షణ వ్యవస్థ పుట్టించే వాపును అణిచే బయోలాజికల్ ఇంజెక్షన్లు మన దేశంలోనే తయారవుతున్నా నెలజీతం మీద బతికేవాడికి ఇప్పటికీ బరువే. వాటికి ముందు లోపల దాగిన టీబీ ఉందేమో చూసుకోవాలని కూడా ఎంతమందికి తెలుసు?

రోడ్ల గురించి కూడా రాయాలి. అతుక్కుపోయిన వెన్నెముక చిన్న దెబ్బకే విరగవచ్చు. మా బడి దారిలో గుంతలు పూడ్చమని రెండేళ్లుగా అర్జీలు ఇస్తున్నాం. ఆటో ఎగిరిన ప్రతిసారీ నాకు టెన్షనే. అధికారులు వస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్తారు. పత్రికలైనా మా వైపు నిలబడతాయనుకుంటే ఇలాంటి వ్యాసం వేశారు. ఒకప్పుడు మీ పత్రికలో ఆయా జబ్బులు చూసే డాక్టరే పాఠకుల ప్రశ్నలు చదివి జవాబులు రాసేవారు. నేను వాటిని క్లాసులో చదివి వినిపించేవాడిని.

ఈ ఉత్తరం మొత్తం వేయకపోయినా ఫర్వాలేదు. కానీ సవరణ మాత్రం ఆ వ్యాసం వచ్చిన చోటే వేయండి. నా దగ్గర చదువుకుని ఇప్పుడు డిగ్రీలో ఉన్న కుర్రాడు మొన్న ఫోన్ చేశాడు. మూడు నెలలుగా రాత్రి మూడింటికి నడుము నొప్పితో లేస్తున్నాడట. మీ వ్యాసం చదివి వాళ్ల నాన్న వాలీబాల్ మాన్పించి మంచం దిగవద్దన్నాడట. వచ్చే సోమవారం వాడిని హైదరాబాద్ తీసుకెళ్తున్నాను. సవరణ అంతకుముందే వస్తే వాళ్ల నాన్నకు చూపిస్తాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు,
ఉమ్మడి వరంగల్ జిల్లా