మోనో అని అమ్మిన ఆ పదకొండు రికార్డుల సంగతి

దసరాకి ముందు నా దగ్గర షికాగో బ్లూస్ గాయకులు మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్‌ల ఎల్‌పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) కొన్నవాళ్లు ముందు ఇది చదవండి. మీలో పదకొండు మందికి నేను డబ్బులు తిరిగి ఇవ్వాలి.

ఆగస్టులో మా ఊరి పక్కనే, షికాగో శివార్లలో, ఒక పాత ఇంటి సామాను అమ్ముతుంటే వెళ్లాను. నాలుగు పెట్టెల బ్లూస్ రికార్డులు, అంటే అమెరికా నల్లజాతి వాళ్ల పాటలవి, దొరికాయి. కవర్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అందులో ‘ది బెస్ట్ ఆఫ్ మడ్డీ వాటర్స్’ ఉంది, 1958లో చెస్ అనే షికాగో రికార్డుల కంపెనీ వేసిన ఎల్‌పీ. కవరు మూలలు నలిగాయి గానీ రంగు పోలేదు. పండగ ఆర్డర్ల హడావుడిలో కవర్లకి ఫొటోలు తీసి, ‘మోనో, మొదటి ప్రెస్సింగ్’ (అంటే శబ్దమంతా ఒకే ట్రాకులో ఉన్నది, మొదటిసారి అచ్చయినది) అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. లోపలి డిస్కు బయటికి తీయలేదు. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిని, తీయలేదు.

వారం తర్వాత డాలస్ నుంచి ఒక కస్టమర్ ఫోన్. “అన్నా, ఏదో తేడాగా ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే హార్మోనికా అంతా ఒక చెవిలో, బేస్ అంతా ఇంకో చెవిలో మోగుతోంది” అన్నాడు. లేబుల్ మీద ఏం రాసుందో చదవమన్నాను. “సెయిల్ ఆన్” అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఆ పన్నెండు పాటలనే 1969లో చెస్ వాళ్లు ‘సెయిల్ ఆన్’ అని పేరు మార్చి, నకిలీ స్టీరియోలో మళ్లీ వేశారు. అసలు డిస్కు ఎప్పుడు పగిలిందో ఏమో, ఆ ఇంటాయన పాత కవర్లో కొత్తది పెట్టుకున్నాడు. డిస్కు తీసి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది.

ఆ రాత్రే మిగతావాళ్లకి కూడా ఫోన్లు చేసి లేబుళ్లు చదివించాను. పదిహేడు అమ్మితే పదకొండు ఇలాంటివే.

“పాట అదే కదండీ, తేడా ఏముంది?” అని ఇద్దరు అడిగారు. చెప్తాను. ఆ పాటలు 1948 నుంచి 1954 దాకా రికార్డయినవి, అన్నీ మోనో. తర్వాత స్టీరియో, అంటే రెండు స్పీకర్లలో వేరువేరు శబ్దం వచ్చే పద్ధతి, మోజు వచ్చాక, మోనో రికార్డుని ఎవరూ కొనరేమోనని కంపెనీలు ఒక చిట్కా వేశాయి. ఉన్న ఒక్క ట్రాకునే తీసుకుని కీచు శబ్దాలు ఒక స్పీకర్లోకి, బరువు శబ్దాలు ఇంకో స్పీకర్లోకి పంపడం, ఒకదాన్ని పిసరంత ఆలస్యం చేయడం. ఆవకాయలో నూనె ఒక గిన్నెలోకి, ముక్కలు ఇంకో గిన్నెలోకి వంచి, రెండు రకాల పచ్చళ్లు అన్నట్టు ఉంటుంది. ఆంప్లిఫయర్లో మోనో బటన్ నొక్కితే మళ్లీ కలుస్తాయి గానీ డొల్లగా వినిపిస్తాయి.

మిగతా సంగీతంలో ఇది కొంత సర్దుకోవచ్చేమో, షికాగో బ్లూస్‌లో కుదరదు. అక్కడ మజా అంతా ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయే శబ్దంలోనే ఉంది. మడ్డీ వాటర్స్ బృందంలో హార్మోనికా (మౌత్ ఆర్గాన్) వాయించే లిటిల్ వాల్టర్ మామూలు మైకుని హార్మోనికాతో కలిపి రెండు చేతుల మధ్య గట్టిగా మూసి పట్టుకుని, గిటార్ ఆంప్లిఫయర్‌కి తగిలించి ఊదేవాడు. ఆ సన్నటి వాద్యం శాక్సోఫోన్ అంత లావుగా వచ్చేది. 1952 మే 12న మడ్డీ వాటర్స్ సెషన్లో అతను వాయించిన ‘జూక్’ వినండి. వెనక రెండు గిటార్లు, మడ్డీ వాటర్స్‌దొకటి, జిమ్మీ రోజర్స్‌దొకటి. ఏది ఎవరిదో విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు. పాడేవాళ్లు లేని ఆ పాట, అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది.

‘జూక్’ అంటే ఇంకో బాధ గుర్తొస్తోంది. న్యూజెర్సీ కస్టమర్‌కి పంపిన దాని 78 ఆర్‌పీఎం రికార్డు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రకం) మూడు ముక్కలై చేరింది. చెస్ వాళ్లదే చెకర్ అనే లేబుల్, 758 నంబరు. పార్సిల్ వాళ్లని అనను, అట్ట ఒక్క పొరే పెట్టింది నేను. ఆ 78లు లక్కతో చేసినవి, రాతిపొడి కలిపి. ఏటికొప్పాక బొమ్మకి పూసే లక్కే. మన దేశం నుంచే ఎక్కువగా వచ్చేది. యుద్ధ సమయంలో సరఫరా తగ్గి, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని బాగా కుదించింది కూడా. కింద పడితే గాజులా పగులుతాయి. ఇకమీదట 78లు పార్సిల్లో పంపను, షాపుకొచ్చి చేతికి తీసుకునేవాళ్లకే. వాటికి వేరే ముల్లు కావాలని మళ్లీ చెప్తున్నాను. ఎల్‌పీ ముల్లు ఆ గాడికి సన్నం, అడుగున దుమ్ములో దొర్లుతూ గీరుతుంది.

క్యాటలాగ్‌లో నేను రాసిన ఇంకో తప్పు కూడా చెప్పేయాలి. ఆ మడ్డీ వాటర్స్ పాటలు ‘2120 సౌత్ మిషిగన్ అవెన్యూలో రికార్డయినవి’ అని రాశాను. చెస్ వాళ్లు ఆ బిల్డింగ్‌కి మారిందే 1957లో, పాటలు అంతకు ముందువి. మీలో షికాగో వచ్చినవాళ్లని అక్కడికి తీసుకెళ్లి, మెట్ల మీద నిలబెట్టి ఫొటోలు తీసి, ఇదే కథ చెప్పాను. క్షమించాలి. హౌలిన్ వుల్ఫ్ 1960ల పాటల విషయంలో మాత్రం ఆ మెట్లు సరైనవే.

మడ్డీ వాటర్స్ రికార్డు పక్కన ఉన్న 1427 అంటే ఏంటని ఒకరు అడిగారు. అది కంపెనీ ఆ ఎల్‌పీకి ఇచ్చిన నంబరు. చెస్ కంపెనీ నడిపిన లియోనార్డ్, ఫిల్ చెస్ అనే అన్నదమ్ములు పోలండ్ నుంచి చిన్నప్పుడు షికాగో వచ్చి ఉన్న ఇంటి నంబరు 1425. 1950లో చెస్ పేరుతో వేసిన మొదటి రికార్డుకి అదే నంబరు పెట్టారు, తర్వాత ఎల్‌పీలనూ అక్కడి నుంచే మొదలుపెట్టారు. ధరకీ దానికీ సంబంధం లేదండీ.

ఇక డబ్బుల విషయం. పదకొండు మందికీ పూర్తి సొమ్ము ఈ శుక్రవారం వేస్తాను, రికార్డు నాకు చేరేదాకా ఆగను. వెనక్కి పంపే ఖర్చు నాదే. ఉంచుకోవాలనుకుంటే పావు ధర పట్టుకుని మిగతాది ఇచ్చేస్తాను, ఎందుకంటే నకిలీ స్టీరియో డిస్కుకి బయట పలికేది అంతే. హైదరాబాద్ పంపిన రెండూ తిప్పి పంపొద్దు, కస్టమ్స్ తలనొప్పి మీకెందుకు, వాటికి పూర్తి డబ్బు ఇచ్చి వదిలేస్తున్నాను. ఈ సీజన్ లాభం ఇందులో పోయింది. జనవరిలో అద్దె కట్టడానికి నా సొంత అల్మరాలోంచి కొన్ని తీసి అమ్ముతాను, అవి మాత్రం విన్నవే.

బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ షికాగో రీగల్ థియేటర్ ఎల్‌పీ కొన్నవాళ్లకు టెన్షన్ వద్దు. 1964 నవంబర్ 21న జనం ముందు వాయించింది అది, మోనోలోనూ అసలు స్టీరియోలోనూ వచ్చింది. మీకిచ్చినవి చూసే ఇచ్చాను.

ఇప్పటి నుంచి కవరు ఫొటో పక్కన లేబుల్ ఫొటో, గాళ్లు అయిపోయాక మిగిలే నున్నటి చోట చెక్కి ఉండే నంబరు ఫొటో కూడా పెడతాను. కొత్త సరుకు వారానికి పదికి మించి రాదు, ఎందుకంటే ప్రతి రికార్డూ రెండు వైపులా వినాలి, రాత్రి తొమ్మిది గంటలు దాటితే మా ఆవిడ హెడ్‌ఫోన్స్‌లోనే వినమంటుంది. లెక్క తేలాల్సినవాళ్లు మీ లేబుల్ ఫొటో గురువారం లోపు నాకు విడిగా మెసేజ్ చేయండి, గ్రూపులో పెడితే కింద కొట్టుకుపోతుంది.