కెమెరా వైపు చూస్తే అనర్హులా?

గౌరవనీయులైన సంపాదకులకు,

గత వారం మీరు ప్రచురించిన డాక్యుమెంటరీ ఛాయాచిత్రాల పోటీ వార్తలో, 'చిత్రంలోని వ్యక్తులు కెమెరా వైపు చూస్తూ ఉండరాదు' అన్న నిబంధన చదివి, పెద్దలెవరైనా అభ్యంతరం చెబుతారని ఎదురుచూశాను. ఎవరూ చెప్పలేదు కనుక నేనే రాస్తున్నాను.

చూపు కలిస్తే సహజత్వం పోతుందట. తనను ఫొటో తీస్తున్నారని మనిషికి తెలియకపోవడమే సహజత్వమా? అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు మాటున కెమెరా దాచి ప్రయాణికులను తీశాడు. అవి గొప్ప చిత్రాలేనని ఒప్పుకుంటాను. అయినా వద్దని చెప్పే అవకాశం ఆ ప్రయాణికులకు దక్కలేదు. మరోవైపు, 1908 నుంచి మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లలను తీసిన లూయిస్ హైన్ చిత్రాల్లో ఎందరో పిల్లలు సూటిగా లెన్స్‌లోకి చూస్తారు. వారి పేరు, వయసు, చేసే పని కనుక్కుని రాసుకున్న మనిషికి, ఆ పిల్లలు కళ్లతో ఇచ్చిన సాక్ష్యం అది. ఈ నిబంధన ప్రకారం అవన్నీ మొదటి వడపోతలోనే పోతాయి.

అలాగని కళ్లు కలిస్తే అనుమతి దొరికినట్టేనని నేను అనను. 1984లో శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన అఫ్గాన్ బాలిక సూటిగానే చూసింది. మరుసటి ఏడాది 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ముఖచిత్రమై లోకమంతా తిరిగిన ఆ ఫొటోను, 2002లో మెక్‌కరీ తనను వెతుక్కుంటూ వచ్చేదాకా ఆమె చూడనే లేదు. 1936లో డొరోథియా లాంజ్ తీసిన వలస కూలీ తల్లి చూపు ఎటో ఉంటుంది, కానీ ఎదురుగా, అంత దగ్గరగా తీస్తున్న సంగతి ఆమెకు తెలుసు. కనుక చూపు ఎటుందన్నది కొలబద్ద కాజాలదు.

ఇక అధికారుల తీరు మరీ బాధాకరం. సాయం పంపిణీ ఫొటోల్లో పేదలను వరుసగా నిలబెట్టి 'ఇటు చూడండి' అని ఆజ్ఞాపిస్తారు. కింద ఇచ్చినవారి పేర్లే ఉంటాయి, పుచ్చుకున్నవారు 'లబ్ధిదారులు' అయిపోతారు. మీతో సహా పత్రికలన్నీ వాటిని అలాగే అచ్చువేస్తున్నాయి. అక్కడ చూడమని ఆజ్ఞ, ఇక్కడ చూడవద్దని నిషేధం. రెండుచోట్లా ఆ మనిషి ఇష్టం అడిగిన నాథుడు లేడు.

నిర్వాహకులు ఆ నిబంధనను తక్షణం తొలగించి, ఫొటో తీసినట్టు అందులోని వ్యక్తికి తెలుసా, దాన్ని పోటీకి పంపడానికి ఒప్పుకున్నారా అన్న రెండు ప్రశ్నలను దరఖాస్తులో చేర్చాలి. ఫొటోల కింద, వారు సమ్మతిస్తే, సామాన్యుల పేర్లూ వేసే పద్ధతిని మీ పత్రిక కూడా మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు