డబ్బా మీద కప్లింగ్ రకం రాయండి

సంపాదకులకు నమస్కారం. ఇంట్లో మోడల్ రైళ్లు నడిపేవాళ్లకి రకరకాల కంపెనీల పెట్టెలు కలపడమే పెద్ద టెన్షన్. హెచ్‌ఓ స్కేలు అంటే అసలు రైలు సైజులో 87వ వంతు, డబుల్‌ఓ స్కేలు అంటే 76వ వంతు, కానీ రెండిటి పట్టాల వెడల్పూ 16.5 మిల్లీమీటర్లే కాబట్టి చూసుకోకుండా కొంటే పెట్టె చక్కగానే నడుస్తుంది, పక్కదానికంటే ఎత్తుగా మాత్రం కనిపిస్తుంది. నాకు అదే జరిగింది. స్కేలు కుదిరినా కప్లింగ్, అంటే పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కొక్కెం, కుదరదు. అసలు రైళ్లలోనూ పాత రకం ఐసీఎఫ్ పెట్టెల స్క్రూ కప్లింగ్ (మర తిప్పి బిగించేది), కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెల సెంటర్ బఫర్ కప్లర్ (వాటంతటవే పట్టుకునేది) నేరుగా కలవవు కదా! నేనైతే ఒక పెట్టెకి రెండు చివర్లా రెండు రకాల కప్లింగులు బిగించి మధ్యలో పెట్టుకున్నాను. మరీ తేలికగా ఉన్నవి మలుపుల్లో పట్టాలు తప్పుతుంటే అడుగున కొంచెం బరువు అతికించాను. తయారీదారులు స్కేలు, కప్లింగ్ రకం డబ్బా మీద పెద్దక్షరాల్లో వేస్తే పిల్లల డబ్బులు వృథా కావు.

– ఒక పాఠకుడు, విజయవాడ