ప్రాజెక్టు పనిలో ‘ఎక్కడ దొరికింది?’ అనే గడి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా ఉన్నత పాఠశాలల్లోకి నాడు-నేడు పథకం కింద ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు కూడా ఇచ్చారు. తనిఖీకి వచ్చేవారు ప్యానెల్ రోజుకు ఎంతసేపు వాడుతున్నారని అడుగుతారే తప్ప, దాని ముందు నిలబడి పిల్లలు ఏ ప్రశ్న వేశారని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. రెండేళ్ల క్రితం తొమ్మిదో తరగతికి మా జిల్లాలోనే వంశధార నది ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రం గురించి ప్రాజెక్టు పని ఇచ్చాను. వచ్చినవాటిలో సగానికి పైగా ఒకే జిరాక్స్ దుకాణంలో తీసిన ప్రింట్లే. అన్నింటిలోనూ ‘వంశధార’కు బదులు ‘వంశదార’ అనే ఒకే అచ్చుతప్పు ఉంది. అయినా మార్కులు వేశాను. అట్టకు రంగు కాగితం వేసి మెరుపులు అంటించిన వారికి (ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది) ఒకటి ఎక్కువే వేశాను.

నా పొరపాటు నాకు తెలిసివచ్చింది వాయుగుండం హెచ్చరిక ఉన్న ఒక రోజున. రేపు బడికి సెలవని కలెక్టరుగారి ఉత్తర్వు వచ్చిందని ఒక పిల్లవాడు చెప్పాడు. వాళ్ల నాన్న వాట్సాప్‌కు వచ్చిన ఆ కాగితాన్ని ప్యానెల్ మీద పెద్దది చేసి, పైనుంచి కింది వరకు చదవమన్నాను. వెనుక బెంచీలోని అమ్మాయి లేచి, “మేడమ్, దీని మీద తేదీ పోయిన ఏడాదిదండి” అంది. దాంతోపాటు వచ్చిన, విరిగిపడిన చెట్ల ఫొటోను నెట్‌లో పెట్టి, అదే బొమ్మ ఇంకెక్కడ ఉందో వెతికి చూస్తే అది 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి విశాఖపట్నం ఫొటో. తరువాత ఎవరూ చెప్పకుండానే పిల్లలు వాతావరణ శాఖ సైటు తెరవమన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలు వాళ్లు. తుపాను కబురు నిజమో కాదో తేల్చుకోవడం వారికి ఆట కాదు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో వెలువరించిన అధ్యయనంలో చరిత్రకారులనూ, విద్యార్థులనూ, వార్తల నిజానిజాలు తేల్చే వృత్తిలో ఉన్నవారినీ కలిపి 45 మందిని పరిశీలించారు. మొదటి రెండు వర్గాలవారిలో ఎక్కువమంది పేజీ హంగు చూసి మోసపోతే, మూడో వర్గంవారు ఆ పేజీని వెంటనే వదిలి, దాని వెనుక ఎవరున్నారో వేరే చోట్ల వెతికారట. మన దగ్గరా కేరళలోని కన్నూరు జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో 2018 నాటికే తప్పుడు వార్తలను గుర్తించడం పాఠంగా చెప్పారు.

ఈ ఏడాది శాలిహుండం ప్రాజెక్టునే మళ్లీ ఇచ్చి, ప్రతి విషయం పక్కన ‘ఎక్కడ దొరికింది?’ అని ఒక గడి గీయించాను. కనీసం రెండు చోట్ల చూడాలన్నాను. ఒక జట్టుకు ఆ క్షేత్రం బయటపడిన ఏడాది ఒక చోట 1919 అనీ, మరో చోట 1943 అనీ కనబడి, ఏది తప్పని వాదులాట మొదలైంది. ఒక పీరియడంతా దానికే పోయింది. చివరికి తేలిందేమిటంటే, గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ స్థలాన్ని వెలుగులోకి తెచ్చింది 1919లో, అక్కడ తవ్వకాలు జరిగింది 1943లో. రెండూ నిజమే, కనుగొనడం వేరు, తవ్వడం వేరు. ఈ మాట పాఠంలో చెప్పి ఉంటే ఒక్క నిమిషం పట్టేది, మరునాటికి మరిచిపోయేవారు కూడా.

నెట్ సరిగా రాకపోవడం, నలభై మందికి ఒకే తెర ఉండటం వంటి ఇబ్బందులు ఉన్నవే. వాటికి డబ్బు కావాలి. నేను కోరేదానికి డబ్బు అక్కర్లేదు. ప్రాజెక్టు పనికి ఇచ్చే మార్కుల్లో సగం, పిల్లలు సమాచారం ఎక్కడ వెతికారో, రెండు మాటలు కలవనప్పుడు ఎలా తేల్చుకున్నారో చూసి వేయాలని విద్యాశాఖ మూల్యాంకన సూచనల్లో చేర్చాలి. తనిఖీ పత్రంలోనూ ప్యానెల్ వాడిన గంటల పక్కన ఆ వారం పిల్లలు వేసిన ప్రశ్న ఒకటి రాసే గడి ఉంచాలి. ఇప్పటి లెక్కలో జిరాక్స్ ప్రింటుకూ, 1919కీ 1943కీ మధ్య తేడా తేల్చిన జట్టుకూ ఒకే మార్కులు పడుతున్నాయి.

– ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా