పశువుల మందల వెస్టర్న్‌లను కత్తిరించకండి

నలుపు తెలుపు కాలపు టీవీ వెస్టర్న్‌లను, అంటే కౌబాయ్ కథల సీరియళ్లను, ఇప్పటి వెడల్పాటి తెరకు సరిపెట్టాలని పైనా కిందా కోసేసి చూపించడం ఆపాలి. ఈమధ్య ఒక స్ట్రీమింగ్ యాప్‌లో 1959లో అమెరికాలో మొదలైన ‘రాహైడ్’ చూశాను, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి మిస్సోరీలోని సెడేలియాకి వేల పశువులను తోలుకెళ్లే మనుషుల కథ అది, తీసింది 4:3 కొలతలో, అంటే దాదాపు చదరంగా ఉండే పాత టీవీ తెర కొలతలో. దాన్ని కోసేసరికి గుర్రం మీదున్న మనిషి టోపీ పోయింది, పశువుల కాళ్ల కింద లేచే దుమ్మూ పోయింది. ఆ దుమ్మే కదా అసలు కథ! ఇందులో ప్రతిసారీ విలన్ అక్కర్లేదు. నీళ్లు దొరకని రెండు రోజులు, ఉరుముకి బెదిరి పరిగెత్తే మంద, దాటాల్సిన నది, అలసిపోయిన కూలీల మధ్య గొడవ చాలు; మందను తోలే బృందానికి నాయకుడైన ట్రైల్ బాస్ గిల్ ఫేవర్‌గా ఎరిక్ ఫ్లెమింగ్ గొంతు పెంచకుండానే వాళ్లందరినీ నడిపిస్తాడు, ఇంకా స్టార్ కాని క్లింట్ ఈస్ట్‌వుడ్ పక్కనే తడబడుతూ పని నేర్చుకుంటుంటాడు. రంగు లేకపోవడం వల్లే ఆకాశమూ నేలా మొహాల మీద ముడతలూ అంత గట్టిగా కనిపిస్తాయి. ఫ్రాంకీ లేన్ పాడిన టైటిల్ పాటను కూడా మధ్యలోనే తెంచేశారు, అది వింటేనే ప్రయాణం మొదలైనట్టు ఉంటుంది. హక్కులు కొనుక్కున్నవాళ్లు అసలు కొలతలోనే, పక్కల నల్ల పట్టీలు ఉన్నా సరే, పాటతో సహా పూర్తిగా, వరుస తప్పకుండా, తెలుగు సబ్‌టైటిల్స్‌తో ఇవ్వాలి.