నాలుగు నొక్కి నలభై రోజులు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

అయ్యా,

మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే "తెలుగు కోసం నాలుగు నొక్కండి" అంటుంది. నలభై రోజులుగా నొక్కుతూనే ఉన్నాను. నొక్కిన ప్రతిసారీ హిందీయో ఇంగ్లీషో వినిపించింది. అయినా ఆ నాలుగో అంకె మీద గౌరవంతో ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. అర్థం కాకపోతే చదివిపెట్టేవాళ్లను వెతుక్కోండి. మీవాళ్లతో నేను పడ్డ అవస్థ కూడా అదే.

సంగతి చిన్నది. బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దగ్గర బండి ఊరికూరికే ఆగిపోతోందని మారతహళ్లి వైపున్న మీ అధీకృత సర్వీస్ సెంటర్లో ఇచ్చాను. కార్బురేటర్ క్లీన్ చేస్తే సరిపోతుందన్నారు. సాయంత్రం వెళ్తే "పైలట్ జెట్టు రావట్లేదు సార్, గాడి చెడిపోయింది" అన్నారు. తనంతట తానే చెడిపోయిందట! ఆ జెట్టు అంటే కార్బురేటర్లో పెట్రోలు సన్నగా వెళ్లే చిన్న మర, తల మీద స్క్రూడ్రైవర్ పెట్టే గాడి ఉంటుంది. అది ఇత్తడి, మెత్తటిది. గాడికి సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టి బలం కొద్దీ తిప్పితే అంచులు కొరుక్కుపోక ఏం చేస్తాయి? "2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లు దాదాపు అన్నీ కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షనే కదా, కార్బురేటర్ పని తెలిసినవాళ్లు మా దగ్గర మిగల్లేదు, మొత్తం కార్బురేటరే మార్చేద్దాం" అని మీ అడ్వైజరు నాలుగు వేల చిల్లరకు ఎస్టిమేటు చేతిలో పెట్టాడు. పని తెలిసినవాళ్లు లేరన్న ముక్క విప్పకముందే చెప్పొచ్చు కదా. పైగా 780 రూపాయల బిల్లు, అందులో "కార్బురేటర్ క్లీనింగ్" అని ఒక పద్దు. బయటికే రాని జెట్టును ఎట్లా కడిగారో కాస్త చెప్పగలరా?

నిజం చెప్తున్నా, "మా కుర్రాడి చెయ్యి జారింది సార్" అని ఒక్క మాట అనుంటే నేను నవ్వేసి బండి తీసుకుపోయేవాణ్ణి. ఎవరూ అనలేదు. అక్కణ్ణుంచి మొదలైంది అసలు యాత్ర.

మొదటి ఫోన్లో ఒకమ్మాయి ఛాసిస్ నంబరు మూడుసార్లు చదివించుకుని, నా అసౌకర్యాన్ని అర్థం చేసుకున్నానంది. 48 గంటల్లో ఫోన్ వస్తుందంది. ఫోన్ రాలేదు గానీ సరిగ్గా 48 గంటలకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ చేస్తే ఒకాయన, టికెట్ క్లోజ్ అయింది కనుక ఫిర్యాదు లేదు, ఫిర్యాదు లేదు కనుక మాట్లాడేదీ ఏమీ లేదు అన్నాడు. తర్కంలో తప్పు పట్టలేం. కొత్త టికెట్ తెరిపిస్తే, కంప్లైంటుకు రుజువుగా వీడియో కావాలన్నారు. జెట్టు కదలడం లేదన్నది నా కంప్లైంటు. కదలని వస్తువును వీడియో తీయమంటారు! తీశాను. పదిహేను సెకన్లు. అందులో ఏమీ కదల్లేదు. ఫైలు సైజు ఎక్కువైందని మూడో రోజు తిప్పిపంపారు.

ఏరియా మేనేజరు ఒక వారం లీవు, ఇంకో వారం మీటింగు. సర్వీస్ సెంటర్ని అడిగితే కంపెనీని అడగమంటారు. కంపెనీని అడిగితే డీలరు వేరు, మేము వేరు అంటారు. బోర్డు మీద నిలువెత్తు అక్షరాల్లో ఉన్నది ఎవరి పేరండీ మరి? ఆఖరికి ఒకరోజు మీ నంబరు నుంచే ఫోన్ వస్తే గుండె ఝల్లుమంది. పాత బండి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకుంటారా అని అడిగారు.

ఈ బండి 2012లో మా నాన్న హిందూపురంలో వేరుశనగ డబ్బులతో కొన్నది. ఆయన మాట మీదే మా బావమరిది ఒకటి, మా పిన్ని కొడుకు ఒకటి మీ బండ్లే కొన్నారు. నేనేమీ కమీషన్ అడగలేదు. మనిషిలా మాట్లాడమని అడిగాను.

చివరికి కలాసిపాళ్యం దగ్గర, కన్నడం తెలుగు కలిపి మాట్లాడే ఒక పెద్దాయన ముందు కార్బురేటర్ పెట్టాను. చూడగానే "ఎవడయ్యా దీన్ని ఇట్లా కొరికింది?" అన్నాడు. నలభై రోజుల్లో నాకు దొరికిన మొదటి సానుభూతి అది. రాత్రంతా నూనెలో నానబెట్టాడు. పొద్దున బాడీని వేడిచేశాడు. వేడికి బాడీ లోహం ఇత్తడికన్నా ఒక వెంట్రుకంత ఎక్కువ సాగుతుందట, అప్పుడు పట్టు సడలుతుందట. ఆ మీదట ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టును మెల్లగా దించాడు. అది కొరికిన చోటే జెట్టు కూడా దాంతోపాటు తిరిగి, మరలు విప్పుకుని బయటికొచ్చింది. కొత్త జెట్టుతో కలిపి 350 రూపాయలు. ఛాసిస్ నంబరు అడగలేదు.

కాబట్టి ఆ 780 వాపసు ఇవ్వండి. అది ఇవ్వకపోయినా పర్లేదు గానీ... కాదు, ఇవ్వాల్సిందే. దానికన్నా ముందు, తప్పు మాదే అని సంతకంతో ఒక కాగితం కావాలి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద దీన్ని సేవాలోపం అంటారు. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వీడికి అంత తీరిక ఎక్కడిదిలే అనుకోకండి. నలభై రోజులు మీ హోల్డ్ సంగీతం విన్నవాణ్ణి.

ఇట్లు,
మీ పాత కస్టమరు
('పాత' ఏ అర్థంలో అన్నది మీ జవాబును బట్టి)

తా.క.: బిల్లు నకలు, మీ మెసేజ్‌ల ప్రింట్లతో పాటు ఆ జెట్టును కూడా కవరులో పెట్టాను. మధ్యలో పెద్దదైన రంధ్రం పెద్దాయన డ్రిల్లుది. అంచుల మీద కాట్లు మాత్రం మీవే.